భారము దైవముపై నుంచిన కాటన్ దొర

హితము చెప్పుట కష్టము. చెప్పిన హితము ఎవరి చెవికిని ఎక్కనప్పుడు కోపము తెచ్చుకొనక, నిరాశకు లోనుగాక, తన ధర్మము తాను నెరవేర్చుకొనుచు పోవుట అంతకన్న కష్టము. విదురుడు ధృతరాష్ట్రునకు హితము చెప్పెను. విభీషణుడు రావణునకు చెప్పెను. ఆ రాజులు వినలేదు. విదురుడు కొలువు వీడి తీర్థయాత్రలకు తరలెను. విభీషణుడు లంకను విడిచి శ్రీరాముని శరణుజొచ్చెను. వినని ప్రభువును విడిచిపోవుట ధర్మవిరుద్ధము కాదు. అయినను మరియొక మార్గము కలదు. వినకున్నను విడువక, అడిగినను అడుగకున్నను తాను సత్యమని నమ్మినదానిని చెప్పుచునే యుండి, ఫలమును మాత్రము భగవంతునకు అప్పగించుట ఆ మార్గము.

ఆ మార్గమున తొంబదియారేండ్ల నిండు జీవితము గడపిన మహనీయుడు సర్ ఆర్థర్ కాటన్. గోదావరి నీట పండిన అన్నము తిను ప్రతివారును ఆయన పేరు ఎరుగుదురు. ధవళేశ్వరము వద్ద ఆయన ఆనకట్ట కట్టించిన సంగతి పసిపిల్లలకును తెలియును. కాని ఆ ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఆయన నలుబదియేడేండ్లు జీవించెననియు, అందు పెక్కు సంవత్సరములు ఆయన మాట ఆలకించు ప్రభువులు లేకయే గడచెననియు ఎరిగినవారు తక్కువ. ఆనకట్ట కథ విజయగాథ. పిమ్మటి కథ విశ్వాసగాథ. రెండును కలిసినగాని ఆయన జీవితము సంపూర్ణముగా బోధపడదు.

బాల్యము - ఉద్యోగారంభము

ఆర్థర్ థామస్ కాటన్ 1803వ సంవత్సరము మే నెల 15వ తేదీన ఇంగ్లండు దేశమున జన్మించెను. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. ఆయనకు ఆర్థర్ పదవ కుమారుడు. పెద్ద సంసారములో పదవవాడుగా పుట్టిన బాలునకు తాతముత్తాతల ఆస్తిపై ఆశ పెట్టుకొను అవకాశముండదు. స్వయంకృషియే దిక్కు. పదునైదవ యేట ఆయన ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కోంబు సైనిక విద్యాలయమున చేరి, 1819లో మదరాసు ఇంజనీరు దళమున ఉద్యోగము సంపాదించెను. 1821లో ఓడ దిగి మదరాసు నేలపై అడుగుపెట్టునప్పటికి ఆయనకు పదునెనిమిదేండ్లు. 1824లో మొదలైన బర్మా యుద్ధమునందును పాల్గొనెను.

యౌవనముననే ఆయన హృదయమున దైవభక్తి గాఢముగా నాటుకొనెను. ఆయన క్రైస్తవుడు. తన వేదమును నిత్యము పఠించుచు, నిత్యము ప్రార్థన చేయుచు, ప్రతి కార్యమును దైవసాన్నిధ్యమున చేయుచున్నట్లుగా భావించెడివాడు. వర్షమును నదులును దేవుడు మనుష్యులకిచ్చిన ధనమనియు, ఆ ధనమును సముద్రము పాలు చేసి, పిమ్మట కరవు వచ్చెనని దేవుని నిందించుట తగదనియు ఆయన దృఢవిశ్వాసము. ఆ విశ్వాసమే ఆయనచే ఆనకట్టలు కట్టించినది. అధికారులు తన మాట త్రోసివేసినప్పుడు ఆయనను నిలబెట్టినదియు ఆ విశ్వాసమే.

కావేరి నేర్పిన పాఠము

1828 ప్రాంతమున కావేరి నదీ జలముల పని ఆయనకు అప్పగింపబడెను. తంజావూరు సీమకు కావేరియే ప్రాణము. కాని నదీజలము నానాటికి కొల్లిడపుపాయ లోనికి మళ్ళి సముద్రమున కలిసిపోవుచుండెను. కావేరి పాయలో ఇసుక మేటవేసి, పొలములకు నీరందుట దుర్లభమగుచుండెను. కాటన్ 1836లో కొల్లిడమునకు అడ్డముగా ఎగువన ఒకటి, దిగువన ఒకటి ఆనకట్టలు కట్టించి ఆ నీటిని మళ్ళించెను. తంజావూరు సీమ పచ్చబడెను.

ఇందొక విశేషము కలదు. గట్టి నేల దొరకని ఇసుక నదిలో కట్టడము నిలుచుట ఎట్లని నాటి ఇంజనీర్లు సందేహించుచుండిరి. కాటన్ మాత్రము ప్రాచీన చోళరాజుల కాలమునాటి కల్లణై ఆనకట్టను శ్రద్ధగా పరీక్షించెను. ఇసుకలో దిగబడినంతమేర దిగబడనిచ్చి, పైపైని రాళ్ళు వేయుచు పోయినచో కొంతకాలమునకు కట్టడము తనంతట తాను స్థిరపడునని ఆ ప్రాచీనులు కనుగొనిరి. ఆ రహస్యము ఈ దేశపు పూర్వులనుండియే తాను నేర్చుకొంటినని కాటన్ దాచక చెప్పుకొనెను. ఏలిక జాతివాడై యుండియు పాలితుల పూర్వులను గురువులుగా నంగీకరించుట సామాన్యులకు సాధ్యము కాదు. వినయము గలవాడే నేర్చుకొనగలడు. తన మాట చెల్లనప్పుడు ఓర్చుకొనగలవాడును అతడే.

ఎండలకును జ్వరములకును ఆయన దేహము పలుమారులు శిథిలమయ్యెను. ఆరోగ్యమునకై ఆస్ట్రేలియా ప్రాంతమునకు పోయి, 1841లో టాస్మేనియా ద్వీపమున ఎలిజబెత్ లెర్మంత్ అను కన్యను వివాహమాడెను. తరువాత ఆయన దృష్టి గోదావరివైపు మరలెను.

గోదావరి మండలపు దుఃస్థితి

ఆనాటి గోదావరి మండలము నేడు చూచువారికి ఊహకందదు. 1832-33 సంవత్సరములలో నందన కరవు గుంటూరు సీమను స్మశానముగా మార్చి, గోదావరి సీమనును పీడించెను. 1839 నవంబరులో కోరంగి తీరమున ఉప్పెన విరుచుకుపడెను. వానలు లేనియేట ఎండి, వరద వచ్చినయేట మునిగి, రైతులు ఊళ్ళు విడిచి వలసపోవుచుండిరి. 1821లో రమారమి 7 లక్షల 38 వేలుగా నున్న రాజమండ్రి జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగజారెను. ఇరువది యేండ్లలో నలుగురిలో ఒకరు లేకపోయిరన్నమాట. ఊరి వెంబడి ఇన్ని జలములు ప్రవహించుచుండగా మనుష్యులు నీరు లేక చచ్చుటకంటె విడ్డూరమేమున్నది?

కాటన్ నదీతీరమంతయు తిరిగెను. నీటిమట్టములు కొలిచెను. మెరకపల్లములు గుర్తించెను. గోదావరి డెల్టా వీపు ఎత్తుగా నుండి, నదినుండి దూరము పోయినకొలది నేల క్రమముగా పల్లమగుచుండుట గమనించెను. అందుచే నదికి తలాపున అడ్డుకట్ట వేసి నీటిని కొంచెము పైకెత్తినచో, అది పిల్లకాలువల గుండ తనంతట తానే సముద్రతీరము వరకును పారగలదు. 1844లో మొదటి నివేదికను, 1845లో రెండవ నివేదికను ఆయన పై అధికారులకు సమర్పించెను.

ఆ నివేదికలలో ఆయన దయాధర్మములను మాత్రమే ఆశ్రయింపలేదు. కంపెనీ వర్తకుల సంఘము. వర్తకునికి లెక్క చూపినగాని నమ్మడు. అందుచే పనికి పట్టు వ్యయమెంత, పిమ్మట పెరుగు సిస్తు ఎంత అని జమాఖర్చులు వ్రాసి చూపెను. సత్యమును వినువానికి అర్థమగు భాషలో చెప్పుట చెప్పువాని బాధ్యత. ఆ బాధ్యత తీర్చుకొన్న పిమ్మటనే ఫలమును దైవమునకు వదలవలెను. సగము చెప్పి, మిగిలినది దేవుడే చూచుకొనునని ఊరకుండుట భక్తి కాదు, సోమరితనము.

ఆనకట్ట నిర్మాణము

ఓడలపై ఉత్తరములు పోయి వచ్చు దినములవి. 1846 చివర లండనులోని డైరెక్టర్ల సభ అనుమతి నొసగెను. 1847లో ధవళేశ్వరము వద్ద పని ఆరంభమయ్యెను. అచ్చట గోదావరి లంకలతో కూడి నాలుగు మైళ్ళ వెడల్పున నున్నది. లంకల నడుమ పాయలకు ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట నిర్మింపవలసి వచ్చెను. రాతికట్టు పొడవు మొత్తము సుమారు 12 వేల అడుగులు. ఎత్తు 12 అడుగులు.

ఆయన కోరినంతమంది ఇంజనీర్లు లభింపలేదు. లభించినవారితోడనే పని సాగించెను. ధవళేశ్వరపు కొండ రాయిని, ఆ ప్రాంతపు సున్నమును, మన్యపు కలపను వినియోగించి, వేలకొలది కూలీలను, వడ్రంగులను, కమ్మరులను సమకూర్చుకొని పని నడపెను. స్వదేశీయులలో వీణెం వీరన్న గారు ఆయనకు కుడిభుజమై కూలీలను కూడగట్టుటలోను, పనులు నడపుటలోను తోడ్పడిరి. ఇసుకలో నూతులు దింపి, వానిపై గోడ నిర్మించి, దిగువన పెద్ద రాళ్ళు పేర్చి, వేసవి నెలలలో కట్టినదానిని వరద నెలలలో కాపాడుకొనుచు, ఏటేట పని సాగెను.

నడుమ 1848లో కాటన్ ఆరోగ్యము చెడి దేశము విడువవలసి వచ్చెను. తలపెట్టిన మహాకార్యము సగములో నుండగా దానిని మరియొకరి చేతులలో పెట్టి పోవుట కార్యశూరునకు ఎంతటి పరీక్ష! కాటన్ ఆ భారమును కెప్టెన్ ఓర్‌కు అప్పగించి ఓడ ఎక్కెను. తాను లేకున్నను దైవము పని నడపగలడను నమ్మకము లేనివాడు అట్లు పోజాలడు. 1850లో తిరిగి వచ్చి చూచునప్పటికి పని నిలువలేదు. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. ధవళేశ్వరమునుండి తూర్పు డెల్టాకును, బొబ్బర్లంకనుండి మధ్య డెల్టాకును, విజ్జేశ్వరమునుండి పడమటి డెల్టాకును కాలువలు సాగెను. పడవలు నడచుటకు లాకులు అమర్పబడెను. ఆ సంవత్సరమే బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పని ఆరంభమై 1855లో ముగిసెను. ఆ పని నడపినవాడు ఓర్.

మండలపు ముఖము మారెను. వలసపోయినవారు తిరిగి వచ్చిరి. బంజరులు మాగాణులయ్యెను. గోదావరి తీరమున స్నానసంకల్పమునందు పురోహితులు కాటన్ దొరను స్మరించెడివారని వాడుక. మతము వేరైనను, జాతి వేరైనను, అన్నము పెట్టినవానిని తలంచుకొనుట ఈ దేశపు ధర్మము.

రైలు - కాలువ

ఇంతవరకు ఆయన మాట చెల్లినది. ఇక చెల్లని కాలము మొదలయ్యెను.

ఒక డెల్టాకు జరిగిన మేలు దేశమంతటికి జరుగవలెనని కాటన్ ఆశించెను. నదులపై ఆనకట్టలు, ఎగువన జలాశయములు, నదినుండి నదికి కాలువలు, ఆ కాలువలపై చౌకగా సరకులు మోయు పడవలు. ఇట్లు దేశమునంతను జలమార్గములతో అల్లవలెనని 1854లో గ్రంథము వ్రాసెను. 1860లో తుంగభద్రపై జలాశయము కట్టి బళ్ళారి, కర్నూలు, కడప సీమలను కరవునుండి కాపాడవలెనని సూచించెను.

కాని ఆ దినములలో ప్రభుత్వమునకు రైళ్ళపై మోజు. ఇంగ్లండులోని ధనికులు రైలు కంపెనీలలో సొమ్ము పెట్టిరి. లాభము రాకున్నను వడ్డీకి ప్రభుత్వము హామీ ఇచ్చినది. ఆ వడ్డీ ఈ దేశపు ప్రజల పన్నులనుండి చెల్లవలసినదే. రైలు పట్టాలు మనుష్యులను మోయునుగాని పంటను పండింపలేవనియు, కాలువ పంటను పండించి, ఆ పంటను మోయుననియు కాటన్ వాదించెను. ఆయన రైలు ద్వేషి కాడు. 1837 ప్రాంతమున మదరాసు వద్ద ఎర్రకొండలనుండి రాయి తోలుటకు రైలుమార్గమును వేయించినవాడు ఆయనయే. ఏది ముందు, ఏది వెనుక అనునదే ఆయన వాదము.

ఆ వాదమునకు ఎదురుదెబ్బ ఆయన పనినుండియే తగిలెను. ఆయన ప్రోత్సాహమున నేర్పడిన మదరాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్రనుండి కర్నూలు కడప కాలువ త్రవ్వించెను. ఖర్చు అంచనాలకు మించిపోయెను. ఎగువ జలాశయము లేనందున నీటికి నిలకడ లేకపోయెను. వానలు పడిన సంవత్సరములలో నల్లరేగడి రైతు జొన్నకు నీరు కొనవలసిన అవసరము కానలేదు. కాలువ నష్టములో పడెను. తుదకు 1882లో ప్రభుత్వము దానిని కొనివేసెను. గోదావరి లాభమును ఆయన చూపగా, కర్నూలు నష్టమును ప్రత్యర్థులు చూపిరి. మనుష్యులు తాము వినదలచిన లెక్కనే విందురు.

1860 ప్రాంతమున ఆయన భారతదేశపు ఉద్యోగమునుండి విరమించెను. 1861లో సర్ బిరుదము లభించెను. బిరుదము ఇచ్చుట సులభము, మాట వినుట కష్టము. ప్రభువులు ఆయనకు మొదటిది ఇచ్చి రెండవది నిరాకరించిరి.

ధాత కరవు

ఇట్లుండ 1876లో దక్షిణదేశమున వానలు వెనుదీసెను. అది ధాత సంవత్సరము. కరవు 1878 వరకును సాగెను. బళ్ళారి, కర్నూలు, కడప సీమలు, మైసూరు రాజ్యము, బొంబాయి రాష్ట్రపు దక్కను జిల్లాలు పాడుపడెను. చనిపోయినవారు 50 లక్షలకు పైబడిరని అంచనా. కాటన్ తుంగభద్ర జలాశయము కోరిన సీమలే కరవునకు ముందుగా బలియయ్యెను. గోదావరి, కృష్ణా డెల్టాలలో మాత్రము ఆ యేండ్లలోను పంట పండెను. ఇతర సీమలకు ఆ ధాన్యము ఆధారమయ్యెను.

నాటికి ఆయనకు డెబ్బదినాలుగేండ్లు. తన మాట నిజమైనదని సంతోషింపదగిన సమయము కాదది. నేను ముందే చెప్పితిని కదా యని ఎత్తిపొడుచు స్వభావమును ఆయనది కాదు. ఆ వయసున ఆయన తిరిగి లేచి నిలువబడెను. జాన్ బ్రైట్ వంటి ప్రజానాయకులతో కలిసి మాంచెస్టరులో సభలలో పాల్గొనెను. రోగుల సేవకు పేరుగాంచిన ఫ్లోరెన్స్ నైటింగేల్ దేవి ఆయన పక్షమును బలపరచెను. 1878లో పార్లమెంటు సభవారి విచారణ సంఘము ఎదుట ఆయన సాక్ష్యమిచ్చెను. ఆ సంఘము ఆయన పథకమును త్రోసిపుచ్చెను. అందలి సభ్యులు చిన్నవారు కారు. నదిని, కరవును కన్నులార చూచినవాడు ఆయన. అయినను వారి మాటయే చెల్లెను.

1880లో కరవు కమిషనువారు కరవు నివారణకు నీటిపారుదల పనులకు ప్రథమస్థానమీయవలెనని వ్రాసిరి. కాగితముపై అది ఆయనకు గెలుపే. కాని ధనము మాత్రము రైళ్ళకే పోయెను. శతాబ్దము ముగియునాటికి రైళ్ళపై 22 కోట్ల పౌనులకు మించియు, నీటి పనులపై సుమారు రెండున్నర కోట్ల పౌనులును వ్యయమైనట్లు రమేశచంద్ర దత్తు తన ఆర్థిక చరిత్రలో లెక్క చూపెను.

ఇట్టి తావున భక్తునకు ఒక కఠినమైన ప్రశ్న ఎదురగును. లక్షలకొలది జనులు చచ్చుచుండగా ఫలము దైవాధీనమని ఊరట చెందుట న్యాయమా? కాటన్ జీవితమే దానికి సమాధానము. ఆయన ఊరట చెంది కూర్చుండలేదు. చెప్పవలసినది చెప్పుట ఒక్కనాడును మానలేదు. దైవమునకు వదలినది పనిని కాదు. పని ఫలించునా లేదా యను చింతను వదలెను. ఆ చింత నెత్తిన పెట్టుకొన్నవాడు రెండు ఓటములకే కృంగి మౌనము వహించును, లేదా ఎదుటివారిని ద్వేషించుచు కాలము గడపును. చింత దించుకొన్నవానికి మాత్రమే ఎనుబదియేండ్ల తరువాతను నోరు మూతపడదు, మనసు చేదెక్కదు. భగవద్గీత చెప్పు కర్మయోగము మరేదియు కాదు. ఒక క్రైస్తవుడు దానిని ఆచరించి చూపెను.

చివరి దినములు

కాటన్ తన వృద్ధాప్యమును ఇంగ్లండులోని డార్కింగు అను ఊరిలో గడపెను. నదులు చేజారినవి, కొలువు చేజారినది. మిగిలినది ఇంటివద్ద కొలదిపాటి తోట. ఆ తోటలో ఆయన లోతుగా దున్ని గోధుమ పండించు పద్ధతిని పరిశోధించుచుండెను. తక్కువ నేలలో ఎక్కువ ధాన్యము పండించుట ఎట్లని ఆయన తపన. నాలుగు మైళ్ళ నదిని అదుపున పెట్టిన చేతులు చిన్న మడిలో గింజలు లెక్కపెట్టుచుండెను. పని పెద్దదా చిన్నదా యను విచారణ ఆయనకు లేదు. ఇచ్చిన చేనులో పని చేయుటయే సేవకుని వంతు. చివరి సంవత్సరములలోను భారతదేశపు నదులను గురించి లేఖలు వ్రాయుట ఆపలేదు. అట్లు తొంబదియారేండ్లు నిండి, 1899వ సంవత్సరము జూలై నెల 24వ తేదీన ఆయన పరమపదించెను. మరుసటి యేటనే కుమార్తె లేడీ హోప్ ఆయన జీవితచరిత్రను ప్రకటించెను. ఆయన భక్తిజీవనమును గూర్చి లోకమునకు తెలిసినది చాలవరకు ఆమె వ్రాతవలననే.

కాలము తీర్చిన తీర్పు

మనుష్యుడు గతించినను సత్యము గతింపదు. 1860లో ఆయన కోరిన తుంగభద్ర జలాశయమునకు 1945లో పునాది పడి, 1953లో నీరు నిలిచెను. తొంబదిమూడేండ్లు పట్టినది. కోరినవాడు లేడు, కాదన్నవారును లేరు. నీరు మాత్రము వచ్చెను. ధవళేశ్వరపు పాత ఆనకట్ట నూరేండ్లకు పైగా సేవచేసి శిథిలము కాగా, దాని దాపున నిర్మించిన కొత్త బారేజి 1982లో పూర్తియయ్యెను. దానికి సర్ ఆర్థర్ కాటన్ బారేజి అని పేరిడిరి. పది లక్షల ఎకరముల ఆయకట్టు దానిపై ఆధారపడియున్నది. నదినుండి నదికి నీరు మళ్ళింపవలెనన్న ఆయన తలపు 2015లో పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి జలము కృష్ణలో కలిసినప్పుడు ఈ గడ్డపై రూపుదాల్చెను.

అయితే ఆయన చెప్పినదంతయు నెగ్గలేదనుటయు సత్యమే. కాలువలపై పడవలే దేశమునకు ముఖ్యవాహనము కావలెనన్న కోరిక నెరవేరలేదు. డెల్టా కాలువలపై ఒకప్పుడు బారులు తీరిన పడవలు లారీలు, రైళ్ళు పెరిగినకొలది కనుమరుగయ్యెను. రైలు లేనిదే నేటి దేశజీవనము సాగదు. ఆయన పట్టుదలతో చెప్పిన మాటలలో గింజయు కలదు, తాలును కలదు. ఫలమును దైవమునకు వదలుటలోని వివేకము ఇచ్చటనే తేటపడును. కళ్ళమున ధాన్యము తూర్పారబట్టునప్పుడు రైతు చేట ఎత్తి నిలుచును. గింజను నేలకు దింపి తాలును దూరముగా కొట్టివేయునది గాలి. గాలిని శాసించువాడు రైతు కాడు. తన మాటలో నిలుచునదేదో, ఎగిరిపోవునదేదో మనుష్యుడు తన జీవితకాలమున తేల్చుకొనజాలడు. తేల్చువాడు వేరే కలడు. తన మాట వినలేదని లోకమును తిట్టువాడు, తన మాటలో తాలే లేదని అహంకరించువాడు.

ప్రతి గ్రామమునను మాట చెల్లని హితవరి ఒకడుండును. కాలువగట్టు బలహీనపడినది, వరదకు ముందే బాగుచేయుడని ఒకడు చెప్పును. తగవులకు కోర్టుకెక్కవలదని మరియొకడు చెప్పును. పిల్లలను బడి మాన్పింపవలదని ఇంకొకడు చెప్పును. సభలో నవ్వుదురు. అట్టివాడు ఇంటికి పోయి తలుపు వేసికొనవలదు. ఊరిపై కక్ష పట్టవలదు. గట్టు తెగిననాడు అందరికంటె ముందు తట్ట పట్టుకొని పోవలెను. మరునాడు మరల అదే మాట, అదే శాంతముతో చెప్పవలెను. కాటన్ దొర జీవితము నేర్పు పాఠమిది. ఆయన చరిత్రను పఠించు గ్రంథాలయ పాఠకులందరికిని అట్టి ధైర్యమును, అట్టి శాంతిని సర్వేశ్వరుడు ప్రసాదించుగాక.